పదకొండేళ్ల అమ్మాయిని విదేశీ శిబిరానికి పంపవచ్చా?

ప్రశ్న: వచ్చే మార్చికి మా అమ్మాయికి పదకొండేళ్లు నిండుతాయి. వివిధ దేశాల పిల్లలు దాదాపు నెల రోజులు కలిసి ఉండేలా సీఐఎస్‌వీ (చిల్డ్రన్స్ ఇంటర్నేషనల్ సమ్మర్ విలేజెస్) అనే సంస్థ నడిపే శిబిరం గురించి తెలిసినవారు చెప్పారు. నాయకత్వ లక్షణాలు అలవడతాయని ఆశ. కానీ పిల్లకు బిడియం ఎక్కువ, ఇంగ్లీషు తడబడుతూ మాట్లాడుతుంది. పంపమంటారా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ఇంగ్లీషు గురించిన బెంగ పెట్టుకోకండి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డోరిస్ ట్విచెల్ ఆలెన్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ సంస్థకు రూపమిచ్చి, 1951లో ఒహాయో రాష్ట్రంలోని గ్లెండేల్‌లో తొలి శిబిరం నడిపారు. పదకొండేళ్ల పిల్లలనే ఎంచుకోవడంలో ఆమె ఆలోచన ఉంది: తమ ఇంటి పద్ధతులు, తమ దేశపు అలవాట్లు ఇవీ అని చెప్పగలిగేంత ఎదిగినా, పరాయివారి మీద గట్టి అభిప్రాయాలు ఇంకా పాతుకోని వయసు అది. మాట రాకపోయినా ఆ వయసువారు ఆటలో కలిసిపోతారు.

ఒక్కో దేశం నుంచి ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు, వారికి తోడుగా ఒక పెద్ద వెళతారు. అక్కడ ఉపన్యాసాలు ఉండవు. చాలావరకు ఆటల ద్వారానే నేర్పుతారు. ఉదాహరణకు ఒక జట్టుకు కత్తెర, జిగురు, రంగులు అన్నీ ఇచ్చి, మరో జట్టుకు కాగితాలు మాత్రమే ఇచ్చి, ఇద్దరినీ ఒకే బొమ్మ చేయమనే తరహా ఆటలు ఆడిస్తారు. ఆ తర్వాత అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరు పంచుకున్నారు, ఎవరు దాచుకున్నారు, అప్పుడు ఎవరికేమనిపించింది అని చర్చిస్తారు. నా దృష్టిలో ఈ చర్చే శిబిరానికి ప్రాణం. పక్కన ఒంటరిగా మిగిలిన పిల్లను ముందుగా గమనించేది చాలాసార్లు బిడియస్తురాలే. ఆ గుణాన్ని నాయకత్వంగా గుర్తించే చోటు మన బడుల్లో తక్కువ. ప్రతి దేశం తన ఆటపాటలు, తిండి పరిచయం చేసే సాయంత్రం కూడా ఉంటుంది. మీ అమ్మాయికి తొక్కుడుబిళ్ల వస్తే చాలు, భాషతో పని లేకుండా పదిమందికి నేర్పగలదు.

నిజంగా ఆలోచించవలసింది వేరే ఉంది. ఈ శిబిరాలు ఎక్కువగా జూలైలో జరుగుతాయి, మన బడులు జూన్‌లోనే తెరుస్తారు, కనుక సెలవు గురించి ప్రధానోపాధ్యాయులతో ముందే మాట్లాడండి. వెంట వెళ్లే పెద్దలు స్వచ్ఛందంగానే పనిచేస్తారు గాని, విమాన ఛార్జీలు, శిబిర రుసుము, వీసా ఖర్చు కలిపితే మధ్యతరగతికి బరువే. అప్పు చేసి పంపవలసినంత అవసరం దీనికి లేదని నా అభిప్రాయం. ఇదే సంస్థలో 14, 15 ఏళ్లవారికి వేరే శిబిరం ఉంది. అప్పటిదాకా ఆగినా నష్టం లేదు.

అన్నిటికంటే ముందు, మీరు లేకుండా రాత్రిళ్లు గడపడం అమ్మాయికి అలవాటుందో లేదో చూడండి. శిబిరంలో ఇంటికి ఫోన్ చేసే వీలు ఎంతవరకు ఉంటుందో కనుక్కొని, ఈ దసరా సెలవుల్లో ఒక వారం బంధువుల ఇంట అదే పద్ధతిలో ఉంచి చూడండి. ఆ తర్వాత కూడా వెళతానని తనంతట తానే అంటే, ఎంపికలు నెలల ముందే జరుగుతాయి కనుక భారత శాఖను వెంటనే సంప్రదించండి.