జిప్ ఫైలు తెరుచుకోనప్పుడు ముందు ఏమి చూడాలి?

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

రాత్రిపూట దానంతటదే నడిచే నీ పైథాన్ స్క్రిప్టు 'ఫైల్ ఈజ్ నాట్ ఎ జిప్ ఫైల్' అంటూ ఆగిపోతోందని రాశావు. కోడు తిరగరాయడానికి పూనుకోకముందు ఆ ఫైలును పరిశీలించు. ఇలాంటి చోట తప్పు చాలావరకు కోడులో కాక, చేతికి వచ్చిన ఫైలులోనే ఉంటుంది.

పేరు చివర జిప్ అని ఉన్నంత మాత్రాన అది జిప్ అయిపోదు. హెక్స్ రూపంలో, అంటే పదహారు అంకెల లెక్కలో, మొదటి నాలుగు బైట్లు చూడు. మామూలు జిప్ 50 4బి 03 04తో మొదలవుతుంది. అందులో మొదటి రెండూ పీ, కే అనే అక్షరాలు, అంటే 1989లో ఈ పద్ధతిని తెచ్చిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. 1ఎఫ్ 8బి కనిపిస్తే అది జీజిప్ అనే వేరే కుదింపు పద్ధతి ఫైలు, దానికి పైథాన్‌లో మాడ్యూలు వేరు. హెచ్‌టీఎంఎల్ అన్న మాట కనిపిస్తే మాత్రం, సర్వరు ఫైలుకు బదులు లాగిన్ పేజీనో మరో సందేశాన్నో పంపగా, నీ స్క్రిప్టు దానినే జిప్ పేరుతో భద్రపరచిందని గ్రహించు. లాగిన్ పేజీ కూడా 200 స్టేటస్‌తోనే, అంటే 'అంతా సవ్యం' అని సర్వరు చెప్పే సంకేతంతోనే, రావచ్చు కాబట్టి, స్టేటస్‌ను మాత్రమే నమ్మక మొదటి బైట్లను కూడా స్క్రిప్టు చేతనే పరీక్షింపజేయి.

బైట్లు సరిగానే ఉంటే పరిమాణం చూడు. జిప్‌లో ఏయే ఫైళ్లు ఎక్కడున్నాయో తెలిపే పట్టిక చివర ఉంటుంది గనుక, డౌన్‌లోడు మధ్యలో తెగితే ముందు భాగమంతా క్షేమంగా ఉన్నా పైథాన్ దానిని తెరవలేదు; జీజిప్ అయితే దొరికినంత విప్పి, ఆ తరువాత ఫైలు అర్ధంతరంగా ముగిసిందంటూ ఈఓఎఫ్ఎర్రర్ ఇస్తుంది. సర్వరు కంటెంట్-లెంగ్త్ (తాను పంపే దాని పరిమాణం) తెలిపితే డిస్కు మీది పరిమాణాన్ని దానితో పోల్చు. ఇంకొక ప్రోగ్రాము ఆ ఫైలును రాస్తుండగానే నీది తెరవబోవడం కూడా సామాన్యంగా జరిగేదే. తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మార్చే పద్ధతి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

తెరుచుకున్నాక వచ్చే తప్పుల దారి వేరు. టెస్ట్‌జిప్ అనే మెథడ్ సీఆర్‌సీ (లోపలి విషయం చెడిందో లేదో తేల్చే సరిచూపు సంఖ్య) సరిపోని మొదటి ఫైలు పేరు చెబుతుంది. అటువంటప్పుడు మళ్లీ తెప్పించుకోవడమే మేలు. పాస్‌వర్డు సరైనదే అయినా ఏఈఎస్ అనే గూఢలిపి పద్ధతితో భద్రపరచిన జిప్‌ను పైథాన్ సొంత మాడ్యూలు విప్పలేదు, విడిగా పెట్టుకునే పైజిప్పర్ మాడ్యూలు విప్పగలదు. తెలుగు ఫైలు పేర్లు పిచ్చి గుర్తులుగా మారితే, జిప్‌లో పేర్లు యూటీఎఫ్-8లో (తెలుగు సహా అన్ని లిపులనూ రాసే పద్ధతిలో) ఉన్నాయన్న సూచన లేక పైథాన్ వాటిని తెలుగు లేని సీపీ437 అనే పాత పద్ధతిలో చదివిందని అర్థం. అవి నిజంగా యూటీఎఫ్-8లోనే ఉంటే, పైథాన్ 3.11 నుంచి మెటాడేటా ఎన్‌కోడింగ్ (పేర్లు ఏ పద్ధతిలో రాసి ఉన్నాయన్నది) చెప్పి చదివించవచ్చు.

ఒక్కటి మాత్రం చేయకు: అన్ని తప్పులనూ ఎక్సెప్ట్‌తో పట్టి, పాస్ అని వదిలేయకు. తెరుచుకోని ఫైలును చెరపక వేరే ఫోల్డరులో ఉంచి, దాని పరిమాణాన్నీ మొదటి బైట్లనూ లాగ్‌లో రాయించు. ఈసారి ఆగినప్పుడు ఆ లాగ్ నాకు పంపు.