చెరువులో మిగిలిన కొర్రమీన్లు గట్టి జాతేనా?

ప్రశ్న: వాగు వెంట వచ్చే ఫ్యాక్టరీ నీళ్లు రెండేళ్లుగా మా చెరువులో కలుస్తున్నాయి. వదిలిన రవ్వు, బొచ్చె పిల్లలు చచ్చిపోయాయి. కొర్రమీన్లు మాత్రం బతికాయి. ఇవి గట్టి జాతే కదా, వీటి పిల్లలనే పట్టి పెంచుకోవచ్చా?
– ఒక రైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: వద్దండీ. బతికిన దాన్నుంచే విత్తనం కట్టాలన్న మీ ఆలోచనను తప్పుపట్టను. కానీ కొర్రమీను పైకొచ్చి గాలి మింగి బతికే చేప. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రవ్వు, బొచ్చె చచ్చి తేలిపోతాయి, ఇది నిలుస్తుంది. అంతమాత్రాన విషం దాన్ని వదలదు. మొప్పల నుంచీ, తిన్న చిన్న చేపల నుంచీ ఒంట్లోకి చేరుతుంది.

ఫ్యాక్టరీ నీళ్లలో రాగల లోహాల సంగతే చూడండి. క్రోమియం కణంలోకి దూరి డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. కాడ్మియమైతే ఆ దెబ్బను కణం సరిచేసుకోకుండా అడ్డుపడుతుంది. ల్యాబ్‌లో దీన్ని చూడటం తేలికే. చేప రక్తం ఒక చుక్క స్లైడ్ మీద పూసి రంగు వేస్తాం. మన ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు, చేపకు ఉంటుంది. దాని పక్కన అదే రంగులో చిన్న చుక్క కనిపించిందంటే చాలావరకు అది తెగిన క్రోమోజోమ్ (డీఎన్‌ఏ పోగు) ముక్కే. కండలోనో రక్తంలోనో తగిలిన దెబ్బ ఆ చేపతోనే పోతుంది. గుడ్డుకో వీర్యానికో తగిలితే మాత్రం పిల్లలకు దిగవచ్చు.

నిజంగా తట్టుకునే చేపలూ పుడతాయి. అమెరికాలోని హడ్సన్ నదిలో 1947 నుంచి 1976 దాకా పీసీబీలనే విష రసాయనాలు ఫ్యాక్టరీల నుంచి కలిశాయి. అక్కడి టామ్‌కాడ్ చేపల్లో ఒక జన్యువులో చిన్న మార్పు ఉన్నవే నిలదొక్కుకున్నాయని 2011లో తేలింది. అవి విషాన్ని ఒంట్లో పెట్టుకునే బతుకుతున్నాయి, తిన్నవాళ్లకూ అది చేరుతుంది. అలాంటి గట్టిదనం మనకెందుకు?

ఇంకో చిక్కుంది. నాచులో తల్లిదండ్రులు కాపలా కాసే ఎర్రటి పిల్లల గుంపును వలతో ఎత్తుతారు కదా, అదంతా ఒకే జంట సంతానం. మిగిలిన కొద్ది జతల నుంచే పిల్లలు తీస్తే రెండు మూడు తరాల్లో చెరువంతా అన్నాచెల్లెళ్లే. ఒక రోగం వస్తే అన్నీ ఒకేసారి పోవచ్చు.

ముందు నీళ్లు, అడుగు మట్టి, చేప కండ మూడూ పరీక్షకు పంపండి. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఫలితం వచ్చేదాకా చేపలు తినొద్దు, అమ్మొద్దు. నీరు, అడుగు మట్టి రెండూ శుభ్రమని పరీక్షలో తేలాక మూడు నాలుగు శుభ్రమైన చెరువుల నుంచి పాతిక జతలకు తగ్గకుండా తల్లిచేపలు తెచ్చుకోండి. అప్పటిదాకా ఈ చెరువు పూడిక పొలాలకు తోలకండి. లోహాలు కుళ్లిపోయేవి కావు, నీళ్లు మారినా అడుగునే ఉంటాయి.