జంట స్కేటింగ్ మొదలుపెడుతున్న మా మేనకోడలికి

బరంపురం

అమ్మలూ,

నువ్వూ అల్లుడుగారూ జంటగా స్కేటింగ్ ఎలా మొదలుపెట్టాలని అడుగుతూ నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. ఫోన్లో చెప్తే సగం నేను మర్చిపోతాను, సగం నువ్వు మర్చిపోతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు. ఆయన తెలుసుకోవాల్సినవే ఇందులో ఎక్కువ ఉన్నాయి.

37 ఏళ్ళకు ఈ సరదా ఏమిటని పర్లాకిమిడిలో అందరూ అంటున్నారని బాధపడ్డావు. నేను మొదటిసారి స్కేట్లు కట్టుకున్నప్పుడు నాకు 44, మీ మావయ్యకు 47. పిల్లాడిని ఆదివారం క్లాసుకి దింపడానికి వెళ్ళి, గట్టు మీద కూర్చుని చూసీ చూసీ మేమూ దిగాం. రెండు నెలలు గేటు దగ్గర నిలబడి చూసిన వాళ్ళున్నారు. తర్వాత వాళ్ళకే అలవాటైపోయింది. ఆ సంగతి వదిలెయ్. నీకు వయసు గురించి బెంగగా ఉంటే ఇద్దరి సంగతి చెప్తాను. సోవియట్ రష్యాలో లుద్మీలా బెలౌసోవా, ఒలెగ్ ప్రోటోపోపోవ్ అని భార్యాభర్తలుండేవారు. 15, 16 ఏళ్ళు వచ్చేదాకా వాళ్ళు మంచు మీద ఓనమాలు దిద్దలేదు. ఆ ఆటలో అది చాలా ఆలస్యం కింద లెక్క. అయినా 1964లోనూ 1968లోనూ ఒలింపిక్ బంగారు పతకాలు వాళ్ళవే. రెండోసారి గెలిచేటప్పటికి ఆవిడకు 32, ఆయనకు 35. అంతకన్నా నాకు ఇష్టమైనది 2015 నాటి ప్రదర్శన. ఆవిడ 79, ఆయన 83, చేతులు పట్టుకుని నెమ్మదిగా మంచు మీద తిరిగారు. ఎగరడాలు, ఎత్తడాలు ఏమీ లేవు. ఇద్దరి మోకాళ్ళూ ఒకేసారి వంగుతున్నాయి, ఒకేసారి లేస్తున్నాయి, అంతే. నీకు నేను నేర్పాలనుకుంటున్నది అదే.

ఇప్పుడు మంచు విషయం. నువ్వు ఫోన్లో చూసేదంతా మంచు మీద ఆట. మన దేశంలో పెద్ద ఐస్ రింక్ కావాలంటే డెహ్రాడూన్ దాకా పోవాలి. సిమ్లాలో 1920 నుంచీ ఉన్నదైతే చలికాలంలో నీళ్ళు గడ్డకడితేనే నడుస్తుంది. మన గంజాం, గజపతి జిల్లాల్లో ఉండి మంచు కోసం ఎదురుచూస్తే జన్మలో మొదలుపెట్టలేం. చక్రాల మీద మొదలుపెట్టు. దీన్ని తక్కువ అనుకోకు. రోలర్ స్కేట్స్ మీద కూడా పెయిర్స్, అంటే జంట విభాగం, ఉంది, ప్రపంచ పోటీలున్నాయి. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా, అవనీ పాంచాల్‌తో కలిసి జంట విభాగంలో కాంస్యం తెచ్చాడు. సింగిల్స్‌లో కూడా అతనికి కాంస్యం వచ్చింది. అదంతా చక్రాల మీద సాధించిందే.

స్కేట్లు కొనేటప్పుడు జాగ్రత్త. బజార్లో పిల్లలకి అమ్ముతారే, చెప్పుకి పట్టీలతో బిగించి సైజు పెంచుకునేవి, అవి వద్దు. ముందు రెండు, వెనక రెండు చక్రాలుండి, చీలమండ పైదాకా బూటు ఉండేవి తీసుకోవాలి. వాటిని క్వాడ్స్ అంటారు. వేళ్ళ కింద రబ్బరు బిరడా లాంటి టో స్టాప్ ఉండాలి. చక్రాల ఇరుసుల దగ్గర చిన్న రబ్బరు దిమ్మలుంటాయి. నువ్వు ఒక పక్కకి ఒరిగితే అవి నొక్కుకుని చక్రాలు ఆ వైపు తిరుగుతాయి. మంచు మీద బ్లేడు అంచు చేసే పని ఇక్కడ ఆ రబ్బరు చేస్తుంది. దాని నట్టు మరీ బిగిస్తే స్కేటు తిరగదు, మరీ వదిలేస్తే వణుకుతుంది. అల్లుడుగారు నీకంటే బరువు కాబట్టి ఆయనది కాస్త బిగుతుగా, నీది కాస్త వదులుగా పెట్టుకోండి. జంటలో ఇద్దరి స్కేట్లూ ఒకే గుండ్రంలో తిరగాలంటే ఇది చాలా ముఖ్యం. చాలామంది దీన్ని పట్టించుకోరు. బేరింగులకి తేమ తగిలితే తుప్పే. వానాకాలంలో పదిహేను రోజులకోసారి విప్పి, కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వెయ్యి.

బట్టల సంగతి మగ మాస్టార్లు చెప్పరు, అందుకే నేను చెప్తున్నాను. చున్నీ ఇంట్లో పెట్టి రా. కుర్తీ మోకాలి పైకి ఉండాలి, లేకపోతే వెనక్కి వెళ్ళేటప్పుడు చక్రంలో పడుతుంది. జడ వదిలేసి తిరిగావంటే మొదటి దెబ్బ అల్లుడుగారి కంట్లో తగులుతుంది, ముడి వేసుకో. నల్లపూసలు లోపలికి వేసుకో, గాజులు తీసెయ్. ఇక మెట్టెలు. బూటు లేసు బిగించాక వేలు వాచి మెట్టె రాక సబ్బునీళ్ళతో గంటసేపు అవస్థ పడ్డాను నేను. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే తీసి దేవుడి దగ్గర పెట్టు. మీ అత్తగారు ఏమైనా అంటే నాకు ఫోన్ చేయించు, నేను మాట్లాడతాను. హెల్మెట్, మోచేతి, మోకాటి ప్యాడ్లు, మణికట్టుకి గార్డు తప్పనిసరి. ఈ చివరిది ఎందుకో కింద రాస్తాను.

మొదటి మూడు నెలలు జంట అన్న మాటే ఎత్తకండి. ఇది వినడానికి నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ఒంటరిగా నిలబడలేని ఇద్దరు చేతులు పట్టుకుంటే ఒకరినొకరు పడేసుకోవడమే జరుగుతుంది. ముందుకి తోసుకుంటూ వెళ్ళడం, ఒక కాలి మీద పది లెక్కపెట్టేదాకా జారడం, వెనక పాదాన్ని అడ్డంగా ఈడ్చి ఆగడం, రెండు పాదాలతో చేప ఆకారం గీస్తూ వెనక్కి వెళ్ళడం, ముందునుంచి వెనక్కి తిరగడం, ఇవి ఎవరికి వారికి రావాలి. మా మాస్టారు ఒడియా ఆయన. క్లాసు మొత్తం ఆయన నోట ఒకటే మాట, "ఆణ్ఠు, ఆణ్ఠు!" మోకాలు, మోకాలు అని. మోకాలు వంగితేనే బరువు కిందికి దిగుతుంది. భయమేస్తే మన ఒళ్ళు నిటారుగా బిగుసుకుంటుంది, అప్పుడే పడతాం. ఇంట్లో కూడా చెయ్యొచ్చు. కుక్కర్ మొదటి విజిల్ నుంచి రెండో విజిల్ దాకా ఒక కాలి మీద, రెండు నుంచి మూడు దాకా ఇంకో కాలి మీద నిలబడు, మోకాలు కాస్త వంచి. నేను ఇప్పటికీ చేస్తున్నాను.

ఆ తర్వాత తువ్వాలు. మా ఇద్దరికీ జంట అంటే ఏమిటో తెలిసింది దానితోనే, కాబట్టి దీన్ని నిదానంగా చదువు. ఇద్దరూ పక్కపక్కన, మూరెడు దూరంలో నిలబడాలి. తువ్వాలు ఒక కొస నీ చేతిలో, ఒక కొస ఆయన చేతిలో. అలా పట్టుకుని గుండ్రంగా స్కేట్ చెయ్యాలి. తువ్వాలు కిందికి వేలాడకూడదు, అలాగని కర్రలా బిగుసుకోనూ కూడదు. వేలాడిందంటే ఇద్దరూ దగ్గరికి వచ్చేశారని, బిగుసుకుందంటే ఒకరు ఇంకొకరిని లాగుతున్నారని. మా మొదటి రోజు నాలుగు అడుగులకే అది తాడులా బిగిసింది. మీ మావయ్యది పొడుగు కాలు, ఒక్క తోపుకి రెండు గజాలు వెళ్ళిపోతారు. నేను వేగం పెంచి అందుకోవాలని చూసేదాన్ని, ఆయాసం వచ్చేది. మాస్టారు చూసి, ఆమె వేగం పెంచక్కర్లేదు, మీరు మోకాలు ఇంకా వంచి తోపు తగ్గించండి అని ఆయనకి చెప్పారు. పొడుగు మనిషే సర్దుకోవాలి. అల్లుడుగారు ఆరడుగులు కదా, ఈ మాట ఆయనకి రెండుసార్లు చదువు. మాకు తువ్వాలు కుదరడానికి ఐదు వారాలు పట్టింది. కుదిరిన రోజు తెలిసిపోతుంది, చేతిలో బట్ట ఉన్నట్టే అనిపించదు.

లెక్క ఒకరే చెప్పాలి. మా ఇంట్లో నేను చెప్తాను. వాల్ట్జ్ పాట మూడు దెబ్బలది, దానికి "తకిట, తకిట" అనుకుంటే చాలు. తకారం మీద ఇద్దరూ తోయాలి, మిగతా రెండింటికి జారాలి. చిన్నప్పుడు నువ్వు సంగీతం నేర్చుకున్నావు, నీకు సులువు. కదులుతున్నప్పుడు తప్పులు ఎత్తిచూపుకోకండి. ఆగాక, నీళ్ళు తాగాక మాట్లాడుకోండి. అప్పుడు కూడా "నీ వల్లే" అనే మాట రానివ్వకండి. ఆ మాట వల్ల మేము ఒక ఏడాది శీతాకాలం మొత్తం పోగొట్టుకున్నాం.

చేతులు పట్టుకునే దశ వచ్చాక, ఆయన అరచెయ్యి పైకి చూస్తూ ఉండాలి, నీ అరచెయ్యి దాని మీద ఆనాలి. వేళ్ళలో వేళ్ళు ఎప్పుడూ దూర్చకండి. మొదటి ఏడాది దసరా సెలవుల్లో మేము అలాగే పట్టుకుని వెళ్తుండగా ఒక చిన్న గులకరాయి ఆయన చక్రం కింద పడింది. ఆయన జారారు, నా చెయ్యి వదల్లేదు, నేనూ వదల్లేదు. ప్రేమతోనే వదల్లేదు ఇద్దరం. నేను ఆయన మీద పడకుండా ఉండాలని ఖాళీగా ఉన్న ఎడమ చెయ్యి నేలకి ఆన్చాను. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు, బెణుకన్నారు. రెండు వారాలైనా బొటనవేలి మొదట్లో, ఆ గుంటలో, నొక్కితే ప్రాణం పోయేది. మళ్ళీ తీస్తే అక్కడి చిన్న ఎముక విరిగి ఉంది. స్కాఫాయిడ్ అంటారట. అది మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలేనట. కాబట్టి చేతి మీద పడి ఆ గుంటలో నొప్పి ఉంటే, బాగానే ఉందన్నా సరే, పది పదిహేను రోజులకి మళ్ళీ తీయించుకో. వదిలేస్తే ఆ ఎముకకి రక్తం సరిగ్గా అందక అతుక్కోకుండా పోవచ్చు.

అందుకే పడటం నేర్చుకోండి, వదలడం నేర్చుకోండి. ముందు గడ్డి మీద, స్కేట్లు లేకుండా. ఒకరు "వదులు" అనగానే రెండో వాళ్ళ వేళ్ళు తెరుచుకోవాలి, ఆలోచించకుండా. తర్వాత మోకాళ్ళు వంచి, పక్కకి, పిరుదు కండ మీదకి ఒరిగి పడాలి, చేతులు గుండెకి దగ్గరగా పెట్టుకుని. వెనక్కి పడితే తోకఎముక, తల. ఇరవై సార్లు పడితే గాని భయం పోదు.

ఇక నువ్వు అడిగిన లిఫ్టుల సంగతి. తలపైకి ఎత్తడం, విసిరితే గాలిలో తిరిగి దిగడం, డెత్ స్పైరల్ (మగమనిషి మధ్యలో తిరుగుతుంటే ఆడమనిషి అతని చెయ్యి పట్టుకుని నేలకి దగ్గరగా వెనక్కి వాలి చుట్టూ తిరగడం), పెయిర్స్ అంటే అందరికీ గుర్తొచ్చేవి ఇవే. నీకు అవి వద్దు అమ్మలూ. ఖచ్చితంగా చెప్తున్నాను. డియానా స్టెల్లాటో-డ్యూడెక్ 2024లో మాంట్రియల్‌లో 40 ఏళ్ళ వయసులో జంట విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యింది, నిజమే. మధ్యలో 16 ఏళ్ళు ఆట మానేసి మళ్ళీ వచ్చింది, అదీ నిజమే. కానీ ఆవిడ చిన్నప్పుడే జూనియర్ ప్రపంచ పోటీల్లో వెండి పతకం తెచ్చుకున్న మనిషి. పునాది ముందే ఉంది. ఆవిడను చూసి ధైర్యం తెచ్చుకో, ఆవిడ చేసేది చెయ్యకు. ఎత్తేవాడి కాళ్ళ కింద ఎనిమిది చక్రాలు, ఎత్తించుకునే మనిషి తల సిమెంటుకి ఆరడుగుల పైన. అనుభవమున్న కోచ్ పక్కన లేకుండా నడుము దాకా కూడా ఎత్తనివ్వకు.

దాని బదులు చెయ్యాల్సినవి చాలా ఉన్నాయి, అందమైనవి. కిలియన్ పట్టు నేర్చుకోండి. నువ్వు ఆయనకి కుడిపక్కన ఉంటావు, ఆయన కుడిచెయ్యి నీ వెనకనుంచి వచ్చి నీ కుడి నడుము ఎముక మీద ఉంటుంది, దాని మీద నీ కుడిచెయ్యి. ఎడమచేతులు ఆయన ముందు కలుస్తాయి. ఇద్దరి తుంటులూ ఆనుకుని ఉండటంతో ఒకరి మోకాలు వంగితే రెండో వాళ్ళకి చెప్పకుండానే తెలుస్తుంది. తర్వాత పివట్. ఆయన ఒక టో స్టాప్ నేలకి ఆన్చి కుదురుగా కిందికి కూర్చుని తిరుగుతుంటే, నువ్వు ఆయన చెయ్యి పట్టుకుని చుట్టూ గుండ్రం గీస్తావు. డెత్ స్పైరల్‌కి మొదటి మెట్టు అదే. నువ్వు వెనక్కి వాలక్కర్లేదు, గాలి మొహానికి తగులుతుంటే ఆ ఆనందం చాలు. ఏడాదిన్నర తర్వాత పక్కపక్కనే రెండు కాళ్ళ మీద తిరగడం కూడా వస్తుంది.

స్థలం లేదన్నావు. బడి బాస్కెట్‌బాల్ కోర్టు హెడ్మాస్టరుగారిని అడుగు, ఆదివారం పొద్దున్న. రాత్రి కురిసిన మంచు తడి ఆరిందాకా దిగకు, ముందు కొబ్బరి చీపురుతో ఊడ్చుకో. గులకరాయి కథ చెప్పాను కదా. వానలప్పుడు కల్యాణమండపం. ఆషాఢంలో, మూఢంలో పెళ్ళిళ్ళుండవు, హాలు ఖాళీ. మేము ప్రతి ఆషాఢం అలాగే గడుపుతాం. టో స్టాప్ మరకలు మేమే తడిగుడ్డతో తుడిచి తాళం అప్పజెప్తాం. మొజాయిక్ నేల అయితే బావుంటుంది, పాలిష్ పాలరాయి వద్దు. ఎప్పుడైనా విశాఖ వెళ్తే ఉడా పార్కులో (ఇప్పుడు వీఎంఆర్‌డీఏ పార్కు అంటారు) రింక్ ఉంది, అక్కడ పిల్లలు చేసేది చూడండి.

వారానికి మూడు రోజులు, ముప్పావు గంట చాలు. ఒకరికి మోకాలు నొప్పంటే ఆ రోజు ఇద్దరికీ సెలవు.

శ్రావణం రాకముందే నేనూ మావయ్యా వస్తాం. నా పాత ప్యాడ్లు తెస్తాను, నీకు సరిపోతాయి. మీ ఇద్దరి పాదాలూ కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీసి పంపు. పొద్దున్న కాదు, సాయంత్రం, రోజంతా నిలబడి పాదాలు కాస్త ఉబ్బాక గియ్యి. తువ్వాలు మాత్రం కొత్తది కొనకు. ఉతికి ఉతికి మెత్తబడిన పాతది ఒకటి తీసి ఉంచు.

ఆశీస్సులతో,
మీ అత్త