పెదవులకు ఫిల్లర్ వేయించుకోవాలా అని అడిగిన అమ్మాయికి

చిరంజీవి ప్రవల్లికకు,

పెద్దమ్మ ఆశీస్సులు. పెళ్లిలోపు పెదవులకు ఫిల్లర్, అంటే పెదవులు నిండుగా కనపడేందుకు వేసే జెల్ ఇంజెక్షన్, వేయించుకుందామనుకుంటున్నానని, అమ్మకు చెప్తే గోల చేస్తుందని రాశావు. నన్ను అడిగి మంచిపని చేశావు. గవర్నమెంటు ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో స్టాఫ్ నర్సుగా రిటైరయ్యాక నేనిప్పుడు డాక్టరమ్మ క్లినిక్‌లో చేస్తున్న పనే ఇది. ఆ ఇంజెక్షన్లకు ట్రే సర్దేది నేనే, అయ్యాక ఐస్ పెట్టేదీ నేనే. కాబట్టి తెలిసిందంతా దాచకుండా చెప్తాను.

ముందు ఒక మాట. "దేవుడిచ్చిన మొహం, మార్చుకోవడమేంటి" అని నేను అనను. మనం ముక్కు కుట్టించుకుంటాం, చెవులు కుట్టించుకుంటాం, ఎత్తుపళ్లకు క్లిప్పులు వేయిస్తాం. అందంగా కనపడాలనుకోవడం తప్పేం కాదు. చేయించుకుని హాయిగా ఉన్నవాళ్లనీ చూశాను, ఏడుస్తూ తిరిగొచ్చినవాళ్లనీ చూశాను. వాళ్ల మధ్య తేడా ఎక్కువగా ఒక్క దగ్గరే కనిపించింది. తమ పెదవుల్లో ఏది నచ్చడం లేదో మొదటివాళ్లకు కచ్చితంగా తెలుసు. రెండోవాళ్లు "ఏదో బాలేదండీ, మీరే బాగుచెయ్యండి" అంటూ వచ్చారు.

అందుకే ఒక కాగితం తీసుకుని, నా పెదవుల్లో నాకు నచ్చనిది ఫలానాది అని ఒక్క వాక్యంలో రాయి. "సన్నగా ఉన్నాయి" అని ఊరుకోకు. పై పెదవా, కింద పెదవా? నవ్వినప్పుడా, మామూలుగా ఉన్నప్పుడా? ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లమా? చిన్నప్పటి నుంచీ ఇంతేనా, ఈ మధ్య మొదలైందా?

ఇంత గుచ్చిగుచ్చి ఎందుకు అడుగుతున్నానంటే, మన దగ్గరికొచ్చే ఆడపిల్లల్లో చాలామంది బాధ ఫిల్లర్‌తో తీరేది కాదు. పెదవులు నల్లగా ఉన్నాయని వస్తారు. ఫిల్లర్ రంగు మార్చదు. నలుపు చాలామందికి పుట్టుకతో వచ్చిన రంగే. కొందరికి లిప్‌స్టిక్కో టూత్‌పేస్టో పడక, ఇంకొందరికి పెదవులు నాలుకతో తడుపుకునే అలవాటు వల్ల వస్తుంది. అలవాటు మానితే, పడనిది మారిస్తే మెల్లగా కొంత తగ్గొచ్చు. ఎండిపోయి పగులుతున్నాయని వచ్చేవాళ్లకూ ముందు చూడాల్సింది ఇదే.

ఒక టీచరమ్మ వచ్చింది. పై పెదవి లోపలికి పోయింది, ముసలిదానిలా కనపడుతున్నాను అంటుంది. మా డాక్టరమ్మ ఆమెను పక్కకు తిరిగి కూర్చోమని, నోరు తెరిపించి, టార్చి వేసి చూసింది. పై వరస పళ్లు లోపలికి వాలి ఉన్నాయి. పెదవికి వెనకాల ఆసరా లేదు. అక్కడ ఎంత ఫిల్లర్ పోసినా పెదవి బరువెక్కి కిందికి వేలాడుతుంది తప్ప ముందుకు రాదు. ఆమెను పళ్ల డాక్టరు దగ్గరికి పంపించేసింది. డబ్బు వచ్చే పనిని కాదని పంపే డాక్టర్లు ఉంటారు తల్లీ, అలాంటివాళ్లనే వెతుక్కో. ముక్కుకీ పై పెదవికీ మధ్య దూరం ఎక్కువున్నవాళ్లకూ ఇదే చిక్కు. మోతాదు మించితే బాతు మూతిలా వస్తుందని జనం అనేది అందుకే.

ఇంకోటి, నువ్వు పంపిన ఫోటోలన్నీ సెల్ఫీలే. సెల్ఫీ చూసి పెదవుల గురించి తీర్పు చెప్పకు. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫోటోలో కన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టి చూపించారు. ముక్కు అంత పెద్దదైతే దాని కిందున్న పెదవి చిన్నగా అనిపించడంలో వింతేముంది? ఎవరినైనా ఐదారడుగుల దూరంలో నిలబెట్టి, పగటి వెలుతురులో, లిప్‌స్టిక్ లేకుండా, ఫిల్టర్ లేకుండా ఫోటో తీయించుకో. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, నవ్వుతూ ఒకటి. అవి చూశాక కూడా నీ వాక్యం నిలబడుతుందేమో చూడు.

ఇది ఎవరి కోరికో కూడా నిజాయితీగా ఆలోచించు. అబ్బాయి గానీ, అబ్బాయి తరఫువాళ్లు గానీ ఏమైనా అన్నారా? అని ఉంటే ఆ సంగతి వేరే మాట్లాడాలి. ఆ మాటకు మందు సిరంజిలో లేదు. ఎవరూ అనలేదు, ఏళ్లుగా నాకే ఉంది అంటే అది నీ కోరిక, దానికి విలువ ఇస్తాను. రోజంతా అద్దం ముందే గడిచిపోతున్నా, ఈ బాధతో నలుగురిలోకి వెళ్లడం మానేస్తున్నా మాత్రం ఫిల్లర్ పక్కన పెట్టి ముందు సైకాలజిస్టుతో మాట్లాడు. అలాంటప్పుడు పెదవి మారినా మనసు కుదుటపడదు.

ఇక మందు సంగతి. ఇప్పుడు పెదవులకు ఎక్కువగా వాడేది హైలురోనిక్ యాసిడ్ జెల్. జువెడెర్మ్, రెస్టిలేన్ అని పేర్లు వినే ఉంటావు. ఆ పదార్థం మన చర్మంలోనూ ఉండేదే, నీటిని పట్టి ఉంచుతుంది. సిరంజిలో ఉండేది 1 ఎం.ఎల్., అంటే టీ స్పూనులో ఐదో వంతు. మొదటిసారి దానిలో సగం చాలు. కావాలంటే తర్వాత కలపొచ్చు. మొదటి రెండు మూడు రోజులు బాగా వాస్తుంది, కమిలిన మచ్చలు పడొచ్చు. ఆ వాపు చూసి సంబరపడొద్దు, కంగారూ పడొద్దు. అసలు ఆకారం రెండు వారాలకు గానీ తెలియదు. సుమారు ఆరు నెలల నుంచి ఏడాది ఉంటుంది, తర్వాత మళ్లీ డబ్బే. హైదరాబాద్‌లో పేరున్న బ్రాండు సిరంజి ఒక్కటి 20 వేలు దాటొచ్చు. పైన 18 శాతం జీఎస్టీ, ఎందుకంటే అందం కోసం చేసేదానికి వైద్యసేవల మినహాయింపు లేదు. ఇన్సూరెన్సూ ఇవ్వదు. ఒక్కసారి ఖర్చు కాకుండా ఐదేళ్ల ఖర్చు లెక్కేసుకో.

నచ్చకపోతే కరిగించుకోవచ్చు కదా అంటావు. నిజమే, హైలురోనిడేజ్ అనే ఇంజెక్షన్‌తో కరుగుతుంది. టీవీ, సోషల్ మీడియాలో కనపడే ఉర్ఫీ జావేద్ 2025 జులైలో తన ఫిల్లర్లు కరిగించుకుంటూ వీడియో పెట్టింది, ఆ వాపు నువ్వూ చూసే ఉంటావు. కరిగించడం కూడా నొప్పి ఉన్న పనే, కొందరికి ఆ మందు పడదు కూడా. పైగా అది కరిగించేది హైలురోనిక్ యాసిడ్‌నే. సిలికాన్ లాంటి శాశ్వత ఫిల్లర్ వేస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. దాన్ని తియ్యాలంటే కత్తి పెట్టాల్సిందే.

నాకు నిజంగా భయం వేసేది ఒక్కటే. పై పెదవిలోనూ, కింద పెదవిలోనూ రక్తనాళాలు నడుస్తాయి. వాటి దారి మనిషి మనిషికీ మారుతుంది. జెల్ పొరపాటున నాళంలోకి వెళ్లినా, బయట నుంచి దాన్ని నొక్కినా ఆ ముక్కకు రక్తం అందదు. ఇంకెక్కడో వేయించుకుని మా దగ్గరికి పరిగెత్తుకొచ్చిన ఒక అమ్మాయిని చూశాను. పై పెదవి ఒకవైపు సున్నం కొట్టినట్టు తెల్లబడింది, ముక్కు పక్కన చర్మం మీద వలలా నీలిగీతలు. మా డాక్టరమ్మ పెదవిని వేలితో నొక్కి వదిలింది. మామూలుగా క్షణాల్లో ఎరుపు తిరిగొస్తుంది. ఆ అమ్మాయికి రాలేదు. వెంటనే హైలురోనిడేజ్ వేస్తూ, వేడి కాపడం పెడుతూ, మళ్లీ మళ్లీ నొక్కి చూస్తూ కూర్చున్నాం. రంగు వచ్చింది. ఆలస్యమైతే ఆ చర్మం చచ్చిపోయి మచ్చ మిగులుతుంది. చాలా అరుదుగా కంటిచూపుకే ముప్పు వచ్చిన సందర్భాలున్నాయి. ఇలా జరగడం తక్కువే, కానీ జరిగినప్పుడు గంటలు లెక్క.

అందుకే పార్లర్లలో, హోటల్ గదుల్లో, స్నేహితురాలి ఇంట్లో ఆఫర్ పెట్టి చేసేవాళ్ల దగ్గర వద్దు. సూది లేకుండా ఒత్తిడితో ఫిల్లర్ ఎక్కించే పెన్ను అని ఆన్‌లైన్లో అమ్ముతున్నారు చూడు, దాన్ని అసలు ముట్టుకోకు. వాటిని వాడొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది. చర్మవ్యాధుల్లో ఎం.డి. చేసినవాళ్లు గానీ, ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. చేసినవాళ్లు గానీ అయి ఉండాలి. "కాస్మెటాలజిస్ట్" అన్న బోర్డు చూసి మోసపోకు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగడానికి మొహమాటపడకు. ఇంజెక్షన్ ఎవరు వేస్తారు, హైలురోనిడేజ్ ఇప్పుడు ఈ క్లినిక్‌లో ఉందా, రాత్రి పదింటికి పెదవి తెల్లబడితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవి అడుగు. ఎంత మర్యాదగా జవాబిస్తారో దాంతోనే సగం తెలుస్తుంది. సిరంజి నీ ముందే ప్యాకెట్ చించి తియ్యాలి. దాని మీదున్న బ్యాచ్ నంబర్ స్టిక్కర్ ఒకటి నీ ఫైల్లో అంటించమను, దాన్ని ఫోటో తీసి పెట్టుకో. మొదటిసారి వెళ్లేది మాట్లాడటానికే. అదే రోజు చేసేస్తామంటే ఒప్పుకోకు.

నీ ఆరోగ్యం సంగతీ దాచకుండా చెప్పు. జ్వరం వచ్చినప్పుడు పెదవి అంచున నీటిపొక్కుల గుత్తి లేస్తుందే, ఏదో పురుగు పాకింది అనుకుంటాం, అది నీకు ఇంటర్లో వచ్చేది, నాకు గుర్తే. అలాంటివాళ్లకు సూది పడితే మళ్లీ లేవొచ్చు, ముందే మాత్రలు ఇస్తారు. పళ్ల పని ఏదైనా ఉంటే రెండు వారాలు ఎడం ఉండాలి. నువ్వు నెలసరి నొప్పికి వేసుకునే బిళ్లలు కూడా కమిలే మచ్చలు పెంచుతాయి. అవి ఎన్ని రోజుల ముందు మానాలో డాక్టరునే అడుగు. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు వేయరు.

ముహూర్తం మాఘంలో అన్నారు కదా. చేయించుకునేటట్టయితే కనీసం నెలన్నర ముందు కావాలి. పెళ్లికి వారం ముందు అంటే నేనే అడ్డుపడతాను. పసుపు దంచేనాటికి నీ పెదవి వాచి ఉంటే ఏ మేకప్ ఆర్టిస్టూ సర్దలేదు. ఇంకో సంగతి, నీకు తొందరేం లేదు. పెళ్లి ఫోటోల్లో నీ మొహం నీలాగే ఉండాలని నాకు ఆశ. అది నా ఆశ, నిర్ణయం నీదే. పెళ్లయ్యాక, ఈ హడావుడంతా తగ్గాక కూడా అదే వాక్యం అలాగే ఉంటే అప్పుడు వేయించుకున్నా పోయేదేం లేదు.

ఆ ఫోటోలు తీయించి, కాగితం మీద రాసిన వాక్యంతో పాటు నాకు పంపు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ చేస్తాను. వెళ్లాలనే అనుకుంటే ఆ రోజు నేనూ హైదరాబాద్ వస్తాను, నీ పక్కన కూర్చుంటాను. మీ అమ్మతో ఎప్పుడు, ఎలా చెప్పాలో కూడా అప్పుడే మాట్లాడుకుందాం. దాచిపెట్టి మాత్రం చేయించుకోకు. మందు వాపు దిగేదాకా ఇంట్లో ఒక మనిషికి తెలిసి ఉండాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ