రెజిన్ పట్టబోయే మేనకోడలికి

రాజోలు

చిరంజీవి బుజ్జమ్మకు మావయ్య ఆశీస్సులు.

సఖినేటిపల్లి, నరసాపురం రేవుల మధ్య గోదావరి దాటించే పంటుకి, అదే రెండు పడవల మీద బల్లలు పరిచిన రేవు పడవకి, నమూనా చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. కింది రెండు పడవల్నీ థర్మాకోల్‌తో చెక్కి, పైన గ్లాస్ క్లాత్ (గాజు నారతో నేసిన గుడ్డ) పరిచి ఎపాక్సీ పూస్తావట, అదే హార్డనర్ కలిపితే గట్టిపడే జిగురులాంటి రెజిన్. సరైన ఆలోచనే. ఫైబర్ పడవల షెడ్డులో వాడే పాలిస్టర్ రెజిన్ అయితే థర్మాకోల్‌ని కరిగించేస్తుంది, ఎపాక్సీ దాని జోలికి పోదు. కానీ పనంతా ఆ షెడ్డులో చూసే నేర్చుకున్నానన్నావట చూడు, నా టెన్షన్ అక్కడే. అక్కడి అలవాట్లు కొన్ని ఇక్కడ పనికిరావు.

పాలిస్టర్ కంపు వీధి చివరిదాకా కొడుతుంది. అందుకే కొత్తగా చేరినవాడు కూడా ముక్కుకి గుడ్డ కట్టుకుంటాడు. ఎపాక్సీకి అంత వాసన ఉండదు, చేతికి అంటినా చాలాసార్లు వెంటనే ఏమీ తెలియదు. అందుకే జనం ఒట్టి చేతుల్తో పూసేస్తుంటారు. అలా మళ్లీ మళ్లీ చర్మానికి తగులుతూ ఉంటే ఒకనాటికి అది ఒంటికి పడకుండా పోతుంది. కొందరికి కొన్నాళ్లకే, కొందరికి ఏళ్ల తర్వాత, కొందరికి అసలు రాదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేం. వచ్చిందంటే మాత్రం ఇక పోదు. ఆపైన కాస్త తగిలినా చేతుల మీద దద్దుర్లు, కనురెప్పల వాపు. నాకు తెలిసిన మంచి పనివాడొకడు దీనివల్లే షెడ్డు మానేసి ఇప్పుడు రొయ్యల చెరువు మీద పనికి వెళ్తున్నాడు.

అందుకని గ్లౌజులు లేకుండా మూత కూడా తియ్యకు. నైట్రైల్‌వి కొనుక్కో, లేటెక్స్‌వి దీన్ని సరిగా ఆపలేవు. మన తేమ గాలికి లోపల చేతులు చెమటతో నానిపోతాయి, అప్పుడు జత మార్చు, ఒకసారి వాడినవి మళ్లీ తొడగకు. నుదుటికి తుండు కట్టుకో. చెమట పట్టగానే ముంజేత్తో మొహం తుడుచుకుంటామే, రెజిన్ కళ్ల దాకా వెళ్లేది అలాగే. ఆ గ్లౌజుల్తో ఫోన్ అసలు ముట్టుకోకు. ఇంతా చేసి ఎం-సీల్‌ని మాత్రం ఒట్టి చేత్తో పిసుకుతారు, అదీ ఎపాక్సీయే.

చర్మానికి అంటితే పొడిగుడ్డతో తుడిచి సబ్బుతో కడుక్కో. థిన్నర్ వద్దు, అది రెజిన్‌ని పల్చన చేసి చర్మంలోకి ఇంకా ఇంకేలా చేస్తుంది. కళ్లజోడు పెట్టుకో. హార్డనర్ కంట్లో పడితే పావుగంట ఆపకుండా నీళ్లు పోసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

షెడ్డులో త్వరగా గట్టిపడాలంటే కెటలిస్ట్ ఇంకో నాలుగు చుక్కలు వేస్తారు. ఎపాక్సీకి ఆ లెక్క కుదరదు. హార్డనర్ రెజిన్‌తో కలిసి అందులో భాగమైపోతుంది. ఎక్కువైనా తక్కువైనా, జత దొరకనిది మెత్తగా, జిగురుగా అలాగే మిగిలిపోతుంది. డబ్బా మీద 2:1 అని ఉంటే, అంటే రెజిన్ రెండు పాళ్లకి హార్డనర్ ఒక పాలు, అది తూకం లెక్కో కొలపాత్ర లెక్కో చదువు. హార్డనర్ సాధారణంగా తేలిక, రెండు లెక్కలూ ఒకటి కావు.

ఒకేసారి ఎక్కువ కలపకు. లోతు కప్పులో కలిపి వదిలేస్తే అందులో పుట్టిన వేడి బయటికి పోలేక, ఆ వేడికి ఇంకా త్వరగా గట్టిపడుతూ, కప్పు కరిగి పొగ వచ్చేదాకా పోతుంది. పూత పనికి వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోసుకో. పొగ మొదలైతే మొహం పక్కకి పెట్టి, కప్పుని బయట ఇసకలో పెట్టేసి దూరంగా వచ్చెయ్. కలిపాక ఎంతసేపట్లో వాడెయ్యాలో డబ్బా మీద రాసిన సమయం సాధారణంగా 25 డిగ్రీల లెక్క. పది డిగ్రీలు పెరిగితే అది సుమారు సగమవుతుంది. మే నెలలో తెల్లవారుజామునే పని చేసుకో.

ముసురు రోజుల్లో పూస్తే పైన మైనం లాంటి పొర తేలుతుంది. దాన్ని ముందు నీళ్లతో రుద్ది కడగాలి. ఉప్పుకాగితం పట్టడానికి వారం ఆగు. పైకి గట్టిగా ఉన్నా లోపల పూర్తిగా ఆరని రెజిన్ పొడి కూడా చర్మానికి చేటే. నీళ్లు చల్లుతూ రుద్దు, ఫ్యాన్ కట్టెయ్, ఎన్‌95 మాస్క్ పెట్టుకో. ఆ మాస్క్ పొడినే ఆపుతుంది, ఆవిరిని కాదు. కాబట్టి కలిపేటప్పుడూ పూసేటప్పుడూ వరండాలో కూర్చో.

మిగిలింది కాలవలో పొయ్యకు. కలిపింది గట్టిపడ్డాక చెత్తలో వెయ్. దురద మొదలైతే ఉక్కపోతలే అనుకోకుండా పని ఆపి, డబ్బా ఫోటో తీసుకుని చర్మం డాక్టరుకి చూపించు.

పంటు అంచు కమ్మీలకి మాత్రం రెజిన్ ఎందుకు? సన్న ఇత్తడి తీగ తెచ్చి ఉంచు, వచ్చే ఆదివారం వచ్చి టంకం నేను వేస్తాను.

ఇట్లు,
మీ మావయ్య