వింటేనే బుర్రకెక్కే పిల్లాడికి పాఠం ఎలా చెప్పాలి?

మీ దిల్‌సుఖ్‌నగర్ ట్యూషన్‌కి వచ్చే ఎనిమిదో తరగతి అబ్బాయి చదివితే ఏమీ చెప్పలేకపోతున్నాడని, వింటే మాత్రం గుర్తుంచుకుంటున్నాడని రాశారు. ముందు ఒక పేరా పైకి చదివించి చూడండి. అక్షరాల దగ్గరే తడబడుతుంటే అసలు సమస్య అది, దాన్ని వదిలేసి అన్నీ వినిపిస్తూ పోతే పరీక్షలో ప్రశ్నపత్రం దగ్గర మళ్లీ ఇరుక్కుంటాడు. పిల్లల్ని వినేవాళ్లు, చూసేవాళ్లు అని విడదీసి ఆ పద్ధతిలోనే చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పరిశీలించి తేల్చింది.

అలాగని వినిపించడం దండగేమీ కాదు. కిరణజన్య సంయోగక్రియ ఐదు నిమిషాలు చెప్పండి, పుస్తకం మూయించి అతని మాటల్లో తిరిగి చెప్పమనండి, తప్పిన చోట మాత్రమే మళ్లీ చెప్పండి, రెండు రోజులాగి ఇంకోసారి అడగండి. బాగా పనిచేసేది ఈ తిరిగి చెప్పడమే, ఊరికే వినడం కాదు. ఎక్కాలు, శతక పద్యాలు లయ వల్ల తొందరగా నోటికొస్తాయి, వాటిని పైకి చదివించండి. రేఖాగణితం, మ్యాపులు మాత్రం ఎంత బాగా వినే పిల్లాడికైనా బొమ్మ వేసే చెప్పాలండి.