బోరు నీళ్ల ఊళ్లో షేవింగ్ సబ్బు ఎట్లా ఎంచుకోవాలి?

అన్నా, హనుమకొండలో బోరు నీళ్లే వాడుతున్నామని, ట్యూబు క్రీం మానేసి బ్రష్షు, సబ్బు పట్టామని, నురగ ముందు బాగానే లేచినా ఒక చెంప గీసేలోపే చప్పబడిపోతోందని, తర్వాత మెడంతా మంట పుడుతోందని రాశారు. మంచి సబ్బు పేరు చెప్పమన్నారు. పేర్లు కింద చెప్తాను. కానీ మన వైపు ముందు తేల్చుకోవాల్సింది తప్పు సబ్బుదా, నీళ్లదా అని. అది తేల్చకుండా ఎంత ఖరీదు పెట్టి కొన్నా అదే మంట మిగులుతుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. మూత ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో సగం దాకా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో అంతే క్యాన్ నీళ్లు పోయండి. రెండింట్లోనూ మీ షేవింగ్ సబ్బునే గోటితో పెసరగింజంత గిల్లి వేసి, కాసేపు నాననిచ్చి, పదిసార్లు గట్టిగా ఊపండి. క్యాన్ నీళ్లలో నురగ సీసా మెడ దాకా లేచి, ఐదు నిమిషాలైనా అట్లానే నిలబడితే సబ్బు మంచిదే. బోరు నీళ్లలో నురగ పలచగా వచ్చి వెంటనే కూలిపోయి, అడుగున నీళ్లు పాలు విరిగినట్టు తెల్ల తెల్లగా తేలితే తప్పు నీళ్లదే. రెండింట్లోనూ నురగ నిలవకపోతేనే సబ్బును అనుమానించాలి.

కారణం ఇది. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని కొవ్వు ఆమ్లాలను పట్టుకుని, నీళ్లలో కరగని తెల్ల గసిగా మార్చేస్తాయి. స్నానం బకెట్ లోపలి అంచున వేలికి జిగటగా తగిలే పొర అదే. గసిగా మారిన సబ్బు నురగకు రాదు, బ్లేడు జారడానికీ పనికిరాదు. తాగే నీటికి మన ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. అంటే తాగడానికి పరవాలేదన్న నీళ్లు కూడా షేవింగ్ సబ్బును చంపేయగలవు. ఇంకో మాట, వాటర్ ప్లాంట్ వాళ్లు చూపించే టీడీఎస్ మీటరు కఠినత్వాన్ని కొలవదు, కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది. అందులో సోడియం ఉప్పులే ఎక్కువుంటే సబ్బుకు అంత నష్టం ఉండదు. అందుకే మీటరు అంకె కంటే సీసా పరీక్షను నమ్మండి.

దీనికి ఇంటి నీళ్లన్నీ మార్చాల్సిన పని లేదు. బ్రష్షు తడపడానికి, నురగ కట్టడానికి, మధ్యలో ముఖం తడుపుకోవడానికి అన్నీ కలిపి అర లీటరు మంచి నీళ్లు చాలు. రేజరు జాడించడానికి, చివర ముఖం కడుక్కోవడానికి బోరు నీళ్లే వాడుకోండి. నల్లా వచ్చే ఇల్లయితే ఆ నీళ్లు ఒక బాటిల్‌లో పట్టి పెట్టుకోండి. ధర్మసాగర్, వడ్డేపల్లి లాంటి చెరువుల నీళ్లయినా, మిషన్ భగీరథ నీళ్లయినా మామూలుగా బోరు కంటే మెత్తగా ఉంటాయి. నల్లా లేకపోతే క్యాన్ నీళ్లు వాడండి. ఇంట్లో ప్యూరిఫయర్ ఉంటే మంచినీళ్ల వైపు పట్టిందే వాడాలి. వేస్టుగా పోయే పైపు నీళ్లలో ఉప్పులన్నీ ఇంకా చిక్కబడి ఉంటాయి, వాటితో షేవింగ్ పెట్టుకోవద్దు.

ఇవేవీ అందని ఊరైతే బోరు నీళ్లను పది నిమిషాలు తెర్లనిచ్చి, చల్లారాక అడుగున తెల్లటి మడ్డి దిగనిచ్చి, పై నీళ్లు వంచుకోండి. దీంతో కొంత కఠినత్వం పోతుంది, మొత్తం పోదు. గీజరులో వేడి చేసినంత మాత్రాన ఈ పని అంతగా జరగదు, నీళ్లు తెర్లాలి. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కూడా పనిచేస్తుంది, అది కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. లీటరుకు అర గ్రాము, అంటే ఒక చిన్న చిటికెడు చాలు. ఎక్కువ వేస్తే సబ్బే విరిగిపోతుంది, ఎందుకంటే పులుపు సబ్బును తిరిగి కొవ్వు ఆమ్లంగా మారుస్తుంది. నిమ్మకాయ పిండొద్దు, ఎంత పడిందో లెక్క తెలియదు, పైగా గీసిన చర్మం మీద మంట.

ఇక సబ్బు సంగతి. డబ్బా ముందు వైపు బొమ్మను వదిలేసి, వెనక చిన్న అక్షరాల్లో ఉండే దినుసుల వరుస చదవండి. వరుసలో ముందున్నది ఎక్కువగా ఉన్నట్టు. మొదటి మూడు నాలుగు పేర్లలో పొటాషియం స్టియరేట్ గానీ, స్టియరిక్ యాసిడ్‌తో పాటు పొటాషియం హైడ్రాక్సైడ్ గానీ కనబడాలి. కొన్ని కంపెనీలు తయారైన సబ్బు పేరు రాస్తాయి, కొన్ని కొవ్వునూ క్షారాన్నీ విడివిడిగా రాస్తాయి. రెండూ ఒకటే. పొటాషియం సబ్బు నీళ్లలో తొందరగా కరుగుతుంది, బ్రష్షుకు తేలిగ్గా ఎక్కుతుంది. సోడియం సబ్బు గట్టిగా ఉండి బిళ్లకు ఆకారం ఇస్తుంది. మంచి షేవింగ్ సబ్బులో మామూలుగా రెండూ ఉంటాయి. సోడియం ఒక్కటే కనబడి పొటాషియం ఊసే లేకపోతే అది స్నానం సబ్బుకు దగ్గర చుట్టం.

స్టియరిక్ యాసిడ్ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే అసలు బలం అదే. దాని నురగ నెమ్మదిగా లేస్తుంది, బుడగలు చిన్నవిగా దట్టంగా ఉంటాయి, త్వరగా పగలవు. కొబ్బరి నూనె నురగ దీనికి తలకిందులు. క్షణంలో ఇంత ఎత్తు లేస్తుంది, పెద్ద బుడగలతో అంతే వేగంగా కూలుతుంది, చర్మాన్ని లాగినట్టు ఎండబెడుతుంది. కొంచెం కొబ్బరి నూనె ఉంటే నురగ తొందరగా మొదలవుతుంది కాబట్టి మంచిదే, కానీ అది స్టియరిక్ తర్వాత రావాలి. వరుసలో సోడియం కోకోయేట్ (కొబ్బరి నూనె సబ్బు), సోడియం పామ్ కెర్నలేట్ (పామ్ గింజల నూనె సబ్బు) ముందుండి స్టియరిక్ ఎక్కడో అడుగున ఉంటే, మీరు చెప్పిన ఒక చెంపకే చప్పబడే నురగ మంచి నీళ్లలో కూడా రావొచ్చు.

ఆ తర్వాత గ్లిజరిన్ చూడండి, అది నురగలో తడిని ఆపుతుంది. లానోలిన్, షియా బటర్ ఉంటే ఎండాకాలం చర్మానికి హాయి. మన వైపు నీళ్లకు ప్రత్యేకంగా వెతకాల్సినవి టెట్రాసోడియం ఈడీటీఏ, టెట్రాసోడియం ఎటిడ్రోనేట్. ఇవి నీళ్లలోని కాల్షియాన్ని కొంతవరకు పట్టేస్తాయి. సబ్బులో కలిపేది తక్కువే కాబట్టి మరీ గట్టి బోరు నీళ్లను ఇవి ఒక్కటే గెలవలేవు, కానీ ఒకే రకం రెండు సబ్బుల మధ్య తేల్చుకోవాల్సి వస్తే ఇవి ఉన్నదే తీసుకోండి.

స్నానం సబ్బుతో సరిపెట్టుకుందామనుకునే వాళ్లు టీఎఫ్ఎం, అంటే సబ్బులో మొత్తం కొవ్వు శాతం, చూసి మోసపోతారు. 76 శాతం టీఎఫ్ఎం అంటే మొదటి గ్రేడు స్నానం సబ్బు, నిజమే. కానీ అది కొవ్వు ఎంతుందో చెప్తుంది తప్ప ఏ కొవ్వో చెప్పదు. షేవింగ్‌కి ఏ కొవ్వన్నదే లెక్క. పారదర్శకంగా మెరిసే గ్లిజరిన్ సబ్బులతో కూడా జాగ్రత్త. కరిగించి అచ్చులో పోసే ఆ రకం చాలావాటిలో సోడియం లారెత్ సల్ఫేట్ లాంటి షాంపూల్లో వాడే నురగ దినుసు ఉంటుంది, నురగ ఎత్తుగానే కనిపిస్తుంది గానీ బ్లేడు కింద జారుడు తక్కువ.

సోడియం టాలోయేట్, పొటాషియం టాలోయేట్ అంటే పశువుల కొవ్వు. పనితనంలో గొప్ప కొవ్వే, కానీ చాలా ఇళ్లలో అది వాడరు, కాబట్టి ఆన్‌లైన్‌లో కొనే ముందే చూసుకోండి. పచ్చ చుక్క, ఎర్ర చుక్క ఉంటే అది చూసినా సరిపోతుంది. టర్కీ నుంచి వచ్చే ఆర్కో పుల్ల సబ్బుకు (కడ్డీలా ఉండేది) పశువుల కొవ్వుదని పేరు, కొనే ముందు దినుసుల వరుస చూసుకోండి. ముఖం మీదే రుద్దుకునేది కాబట్టి వాడటం తేలిక. కొబ్బరి, స్టియరిక్ మీద నడిచేది కావాలంటే ఇటలీ ప్రొరాసో మంచి ఎంపిక. పచ్చ డబ్బాలో యూకలిప్టస్, మెంథాల్ ఉంటాయి, మే నెల ఎండలకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. తొందరగా మంట పుట్టే చర్మానికి తెల్ల డబ్బా మేలు. మీ మెడ మంట చూస్తే నేను తెల్లదే చెప్తాను, ఘాటైన అత్తర్లూ మెంథాలూ మంట తగ్గాకే. మన కిరాణా, ఫ్యాన్సీ షాపుల్లో దొరికే దేశీ గుండ్రటి సబ్బును తక్కువ చూడకండి. పైన చెప్పిన వరుసకు నిలబడితే, మంచి నీళ్లు తగిలితే, నిత్యం వాడుకకు అది చాలు. ఒక షేవింగ్‌కి ఖర్చయ్యేది సుమారు ఒక గ్రాము కాబట్టి 100 గ్రాముల బిళ్ల దగ్గర దగ్గర వంద షేవింగులకు వస్తుంది. మొదటిసారే నాలుగు రకాలు కొని పెట్టుకోవద్దు.

నురగ కట్టడంలో చాలామందికి చెడేది సబ్బు ఎక్కించే దగ్గర. బిళ్ల మీద అర చెంచా నీళ్లు పోసి మూడు నిమిషాలు వదిలేయండి, పై పొర మెత్తబడుతుంది. పంది వెంట్రుకల బ్రష్షయితే ఆ సేపు నీళ్లలో నానాలి. సింథటిక్ అయితే తడిపితే చాలు. బ్రష్షును బాగా విదిలించి, బిళ్ల మీద గుండ్రంగా 30 సెకన్లు తిప్పండి. బోరు నీళ్లే గతి అయితే నిమిషం దాకా తిప్పండి, ఎందుకంటే మొదటి కొంత సబ్బు కాల్షియానికే పోతుంది. బ్రష్షు కొనల మీద బుడగలు లేని చిక్కటి ముద్ద పట్టాలి. అక్కడ బుడగలు కనబడితే నీళ్లు ఎక్కువైనట్టు, మళ్లీ విదిలించి మొదలుపెట్టండి.

తర్వాత గిన్నెలో గానీ ముఖం మీద గానీ తిప్పుతూ నాలుగైదు చుక్కల చొప్పున నీళ్లు కలపండి. ముందు నురగ పొడిగా, మెరుపు లేకుండా, గట్టిగా నిలబడుతుంది. చూడ్డానికి బాగుందని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఇది తప్పు, ముఖం మీద రెండు నిమిషాల్లో ఎండిపోతుంది, బ్లేడు పట్టుకుంటుంది, మంట అక్కడే మొదలవుతుంది. ఇంకా నీళ్లు కలుపుతూ పోతే ఒక దగ్గర నురగకు తడి మెరుపు వస్తుంది, బ్రష్షు పైకెత్తితే కొన మెత్తగా వంగుతుంది. రెండు వేళ్ల మధ్య రుద్దితే వేళ్లు ఆగకుండా జారాలి. అదీ కావాల్సింది. దాన్ని దాటి పెద్ద బుడగలు లేచి గడ్డం కిందికి కారుతుంటే నీళ్లు మించినట్టు, ఇంకో పది సెకన్లు సబ్బు ఎక్కించండి. నురగ ఎంత ఎత్తుందన్నది లెక్కలోకి రాదు. ఒక చోట గీసి, అక్కడ నురగ పోయాక తడి వేలితో రాసి చూడండి. ఇంకా జారుతుంటే సబ్బు పని చేసినట్టే.

మన వైపు ఎండాకాలంలో ఇంకో శత్రువు గాలి. వడగాలి రోజుల్లో ఫ్యాను కిందో కూలరు ముందో నిలబడి గీసుకుంటే ఎంత మంచి నురగైనా నిలవదు. ఫ్యాను ఆపండి, సగం ముఖానికే నురగ పట్టించి గీసి, తర్వాత మిగతా సగం చూడండి. మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు కాలిపోతుంటాయి, అవి ముఖానికి పనికిరావు. మరీ ఉడుకు నీళ్లు నురగను పలచన చేస్తాయి, చర్మాన్ని ఎర్రబారుస్తాయి. గోరువెచ్చన చాలు, ఎండాకాలం చల్లటి నీళ్లయినా పరవాలేదు. నురగకు ముందు మాత్రం రెండు మూడు నిమిషాలు గడ్డం తడిలో ఉండాలి, వెంట్రుక మెత్తబడేది నీళ్లతోనే.

ఇన్ని చేసినా మెడ మంట తగ్గకపోతే సబ్బును వదిలేసి బ్లేడు చూడండి. కొత్తది వేసి, రేజరు బరువుతోనే, వెంట్రుక వాలు వైపే ఒక వారం గీయండి. మెడ మీద వాలు ఒక్కోచోట పక్కకు తిరిగి ఉంటుంది, చేత్తో రాసి గరుకు ఎటు తగులుతుందో చూసుకోండి.

బోరు నీళ్లలో వాడిన బ్రష్షు వెంట్రుకల మొదళ్లలో తెల్లగా గసి పట్టి బిరుసెక్కుతుంది. నెలకోసారి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా నిమ్మ ఉప్పు వేసి ఐదు నిమిషాలు ముంచి, తర్వాత తప్పకుండా షాంపూతో కడగండి. పులుపు గసిని విడదీస్తుంది గానీ, మిగిలిన కొవ్వును షాంపూనే తీస్తుంది. బిళ్లను అంగుళం ఎక్కువ వెడల్పున్న స్టీలు గిన్నెలో పెట్టుకోండి, వాడాక మిగిలిన నీళ్లు వంపేసి, ఆరాకే మూత పెట్టండి. గ్లిజరిన్ గాల్లో తడిని లాగుతుంది కాబట్టి వానాకాలంలో బాత్రూంలో మూసి పెట్టిన సబ్బు చెమటపట్టి మెత్తబడుతుంది. ఆ నాలుగు నెలలు గిన్నెను గదిలో, గాలి తగిలే చోట ఉంచండి.